నాయన ఒళ్ళు మరిచిపోని సూది

మా నాయనకు గుండెనొప్పి వచ్చి తగ్గాక, చిత్తూరు మామిడి మండీలో తోతాపురి కాయ ధర కన్నా ఆయన గుండె సంగతే ఎక్కువమందికి తెలిసింది. తప్పు మండీ వాళ్ళది కాదు. మా నాయన నోట్లో నువ్వుగింజ నానదు.

మండీలో ఆయనది కమీషన్ అంగడి. తోటల నుంచి ట్రాక్టర్లలో దిగిన కాయను కుప్పలు పోయించి, వేలం పాడి, గుజ్జు ఫ్యాక్టరీల వాళ్ళకూ బయటి ఊళ్ళ వ్యాపారులకూ ఇప్పించడం ఆయన పని. ఏళ్ళ తరబడి వేలం పాడిన గొంతు కాబట్టి గుసగుసలాడినా నాలుగు అంగళ్ళ అవతలికి వినపడుతుంది. కాయ రాని వేళ ప్లాస్టిక్ కుర్చీ బయటకు లాక్కుని, దొరికినవాళ్ళకు తనకు వేసిన సూది కత చెప్పేవాడు. రైతు దొరికితే రైతుకు, లారీ డ్రైవరు దొరికితే డ్రైవరుకు, ఎవరూ దొరక్కపోతే టీ తెచ్చే ఆమెకు. పాపం ఆమె గ్లాసులు తీసుకుపోవాలి కదా, ఆయన తాగేదాకా నిలబడక తప్పదు. ఆయన కావాలనే నిదానంగా తాగేవాడు.

ఆ కత ఆయనకు నేర్పింది నేనే. తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెబుతాను. ముక్కు మీద కోపం, అమ్మ పోలిక. మొదటిసారి నొప్పి వచ్చినప్పుడు నాయనను చిత్తూరులోనే ఆసుపత్రిలో చేర్చారు. ప్రమాదం గడిచి వార్డుకు మార్చాక, ఆయన మంచం మీద లేచి కూర్చుని నన్ను పట్టుకున్నాడు.

"పాపా, ఆ సూదిలో ఏముండింది? గడ్డ కట్టిన రత్తం లోపల్లోపలే కరిగిపాయెనంట గదా!"

మా కాలేజీ పిల్లలు ఒక్కరు కూడా అంత ఆశగా నన్ను ఏనాడూ ఒక ప్రశ్న అడగలేదు. నాకు హుషారొచ్చింది. ఆ మందు పేరు స్ట్రెప్టోకైనేజ్ అని చెప్పాను. గొంతునొప్పి తెప్పించే ఒక బ్యాక్టీరియా దగ్గర దొరికిన మందు అది. ఆ బ్యాక్టీరియా ఒంట్లో దూరినప్పుడు మన ఒళ్ళు దాని చుట్టూ రక్తాన్ని గడ్డకట్టించి కంచె వేస్తుంది. కంచె లోపల బిగించి, తెల్ల రక్తకణాలను దాని మీదికి తోలుతుంది. అంటే రక్తం గడ్డకట్టడం గాయం పూడ్చడానికి మాత్రమే కాదు, శత్రువును కట్టిపడేయడానికి కూడా. కానీ ఆ బ్యాక్టీరియా మనకన్నా రెండాకులు ఎక్కువ చదివింది. గడ్డలను కోసేసే ఎంజైము ఒకటి, ప్లాస్మిన్ అని, మన రక్తంలోనే నిద్రపోతూ ఉంటుంది. బ్యాక్టీరియా తన స్ట్రెప్టోకైనేజ్‌ను పంపి దాన్ని తట్టి లేపుతుంది. మన కత్తెరతో మన కంచెనే కోయించి దర్జాగా బయటపడుతుంది. డాక్టర్లు ఆ ఎత్తును పసిగట్టి, అదే పదార్థాన్ని మందుగా చేసి, గుండె నాళంలో అడ్డం పడిన గడ్డ మీదికి పంపడం నేర్చుకున్నారు.

"అంటే దొంగ పనిముట్టుతో మంచిపని సేసినారు," అన్నాడు నాయన.

"అంతే నాయనా. కానీ ఒక చిక్కుంది. అది మేలు చేయడానికి వచ్చిందని ఒంటికి తెలీదు. పరాయిది వచ్చింది అనే తెలుసు. ఒకసారి చూసిందంటే దానికి తగిన యాంటీబాడీలు తయారు చేసి పెట్టుకుంటుంది. ఏళ్ళు గడిచినా మరిచిపోదు. మళ్ళీ అదే మందు ఎక్కిస్తే పట్టుకుని పని చేయనీయకపోవచ్చు. అంతటితో ఆగకుండా ఒళ్ళంతా దద్దుర్లు, వణుకు, బీపీ పడిపోవడం కూడా రావచ్చు. అందుకే నీకు ఈ మందు మళ్ళీ ఇవ్వకూడదు. నొప్పి వస్తే వేరే రకం ఇవ్వాలి."

నాయన వేలంలో ధర తేల్చే ముందు ఎలా కళ్ళు చిట్లిస్తాడో అలా చిట్లించాడు.

"మన మండీ గేటుకాడ కావిలోడు మాదిరి అన్నమాట. ఒక దొంగని ఒకసారి సూసినాడంటే, మళ్ళా వాడు సామి ప్రసాదం తెచ్చినా లోపలికి ఇడవడు."

నేను పుస్తకాలు తిరగేసి, బొమ్మలు గీసి చెప్పే పాఠాన్ని ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఆ ఏడాది నుంచి క్లాసులో నేనూ కావలివాడి కతే చెబుతున్నాను. దాని ఫలితం కూడా అనుభవించాను. పరీక్షలో ఒక అమ్మాయి యాంటీబాడీ అని రాయాల్సిన ప్రతి చోటా కావలివాడు అనే రాసింది. మార్కులు వేయక తప్పింది కాదు.

ఆ తరువాత ఇంటికి వెళ్ళినప్పుడల్లా నాయన కతలో ఇంకొంచెం పొడిగించమని అడిగేవాడు. ఒకసారి చెప్పాను, ప్లాస్మిన్ ఉత్త కత్తెర కాదని. కంచెను కోయడంతో ఊరుకోదు. చచ్చిన కణాలను మింగి శుభ్రం చేసే తెల్లకణాలను కేకేసి పిలుస్తుంది, వాపును చల్లార్చే పనిలోనూ దానికి చెయ్యి ఉంది. నాయన తొడ చరిచాడు.

"కసువు ఊడ్సేవాళ్ళను గూడా అదే పిలస్తాదా! ఇంత మంచి సంగతి ఇన్ని దినాలు యాడ దాసిపెట్టినావు పాపా?"

మరుసటి రోజు పొద్దున్నే మండీ అంతటికీ కసువు ఊడ్చేవాళ్ళ సంగతి తెలిసిపోయింది.

మండీలో ఈ కతను భరించలేనివాడు ఒకే ఒక్కడు. నాయన అంగడికి ఎదురుగా అంగడి పెట్టుకున్న ఆయన. ఆయనా కమీషన్ వ్యాపారే, ఆయనదీ వేలం పాడే గొంతే. కాయల కాలం మొదలైన రోజు మండీలో కర్పూరం వెలిగించి, టెంకాయ కొట్టి, మొదటి కుప్పకు వేలం పాడతారు. ఆ మొదటి పాట పాడటం ఒక మర్యాద. నా చిన్నప్పుడు ఒక ఏడాది ఇద్దరూ ఒకేసారి గొంతెత్తారట. ఎవరు ముందు ఎత్తారనేది ఇప్పటికీ తేలలేదు. అప్పటినుంచి ఇద్దరి మధ్య మాటల్లేవు. మాటల్లేవంటే, నేరుగా మాటల్లేవు. మధ్యలో కాటా దగ్గర తూకం వేసే మనిషిని పెట్టుకుని రోజంతా మాట్లాడుకుంటూనే ఉంటారు.

"ఒరే, ఆయన లారీ నా అంగడికి అడ్డం ఉండాదని సెప్పురా."

"ఒరే, సరుకు ఎక్కినాక తీస్తానని సెప్పు. లారీకి రెక్కలు లేవని గూడా సెప్పు."

కాటా మనిషి ఎవరికీ ఏమీ చెప్పడు. తూకం చూసుకుంటూ ఉంటాడు. ఎందుకంటే వాళ్ళిద్దరూ ఒకరికొకరు చేతికందేంత దూరంలోనే ఉంటారు.

నాయన సూది కత మొదలుపెట్టగానే ఎదురంగడాయన తన కూలీలను కేకేసేవాడు. "కుప్పల మీద గోనెలు కప్పండ్రా. ఆయన కత అయ్యేలోపల కాయ మాగిపోతాది." అందరూ నవ్వేవాళ్ళు. నాయన గొంతు ఇంకొంచెం పెంచేవాడు. స్ట్రెప్టోకైనేజ్ అన్న పేరును కోర్టులో వకీలు సెక్షన్ చదివినట్టు అక్షరం అక్షరం విడగొట్టి పలికేవాడు, ముఖ్యంగా ఎదురంగడి వైపు తిరిగి.

ఇంత చెప్పే మనిషికి జాగ్రత్త మాత్రం సున్నా. డాక్టరు రాసిచ్చిన కాగితం జేబులో పెట్టుకొమ్మంటే, దాని వెనక కాయ రకాలు రాసి ఎవరో రైతుకు ఇచ్చేశాడు. ఇంకొకటి తెచ్చిస్తే అందులో విభూతి పొట్లం కట్టాడు. నాకు ఒళ్ళు మండింది. చిత్తూరు బజారులో వెండిపని చేసే ఆచారి దగ్గరకు పోయి, రూపాయంత బిళ్ళ చేయించాను. దాని మీద మందు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, కింద 'మళ్ళీ ఇవ్వరాదు' అని తెలుగులో చెక్కించాను. ఆచారి చెక్కడం ముగించి, బిళ్ళను తుడిచి, "ఇది ఏ దేవుడి మంత్రమమ్మా?" అని అడిగాడు. ఆరోగ్యానికి కట్టుకునేదే అన్నాను. ఆయన కళ్ళకు అద్దుకుని ఇచ్చాడు.

నాయన దాన్ని మెడలో వెంకన్న డాలరు పక్కన వేసుకున్నాడు. అసలు తిప్పలు అక్కడే మొదలయ్యాయి. పొద్దున స్నానం చేసి డాలరును కళ్ళకు అద్దుకునే మనిషి, దాని పక్కన వేలాడే బిళ్ళను వదులుతాడా? దాన్నీ అద్దుకునేవాడు. శుక్రవారం అమ్మ దానికీ చుక్క కుంకుమ పెట్టేది. కొన్నాళ్ళకు అది మందు సంగతి చెప్పే బిళ్ళన్న ఆలోచనే ఇంట్లో పోయింది. అది నాయన నగ అయిపోయింది.

మొదటి నొప్పి వచ్చిన రోజు, ఆసుపత్రి వరండాలో నిలబడి అమ్మ మొక్కుకుంది. నాయన లేచి తిరిగితే కొండకు వచ్చి నిలువు దోపిడీ ఇస్తామని. నిలువు దోపిడీ అంటే సామి ముందు నిలబడ్డప్పుడు ఒంటి మీద ఏ నగ ఉంటే అది తీసి హుండీలో వేసేయాలి. ఇది ఉంచుకుంటాను, అది ఇస్తాను అనడానికి లేదు. ఆ మొక్కు ఇవాళ, రేపు అని వాయిదా పడుతూ వచ్చింది. నిరుడు జ్యేష్ఠం చివర వానలు పడి తోటల్లో కోతలు ఆగితే, మండీకి కాస్త తీరిక దొరికింది. ఇద్దరూ కొండెక్కారు. నాకు పరీక్షల డ్యూటీ, వెంట పోలేకపోయాను.

మధ్యాహ్నం తిరుపతిలో మా ఇంటికి భోజనానికి దిగారు. నాయన నున్నటి గుండుకు చందనం పూసుకుని, పెళ్ళికొడుకులా నవ్వుతూ వచ్చాడు. ఎండలో కూడా కండువా మెడకు చుట్టుకునే ఉన్నాడు. ఉంగరం, గొలుసు, వెండి మొలతాడు, చేతి గడియారం కూడా వేసేశామని అమ్మ గొప్పగా చెప్పింది. ఉక్కపోస్తోంది కదా, కండువా తీయి నాయనా అంటే, కొండ గాలి పట్టిందన్నాడు. తిరుపతి ఎండలో ఆ మాట చెప్పగలిగినవాడు మా నాయన ఒక్కడే. గుండు మీద గాలి పడితే చలేస్తుందేమోలే అనుకుని పులిహోర వడ్డించాను.

తరువాత తెలిసింది. హుండీ దగ్గర బిళ్ళ మీద చెయ్యి వేసి నాయన కాసేపు ఆగాడట. అమ్మ గుడ్లురిమింది. "సామికి ఇచ్చేకాడ లెక్కలేంది? ఒంటి మీద ఉండేదంతా సామిదే." అదీ వేసేశాడు. నాకు తెలిస్తే ఎగిరి పడతానని, చిత్తూరు పోయి గుట్టుగా ఇంకొకటి చేయించుకుందామని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. తీరా ఆచారి దగ్గరకు పోదామనుకునేసరికి ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో కొత్త వెండి ఒంటి మీద వేసుకోకూడదని అమ్మ పట్టు. శ్రావణం రానీ అంది. గుండె మాత్రం శ్రావణం దాకా ఆగలేదు.

కాలేజీలో ప్రాక్టికల్స్ చేయిస్తుండగా అమ్మ ఫోను. మండీ నిండా కాయ దిగిన రోజు.

"పాపా, మీ నాయనకు మళ్ళా నొప్పి వచ్చినాదంట. మండీ వాళ్ళు ఆస్పత్రికి ఎత్తకపోయినారు. నేను ఆటోలో పోతా ఉండా."

"ఏ ఆసుపత్రి?"

"తెలీదే! ఆటో ఆయన కనుక్కుంటా ఉండాడు."

"సరే. మెడలో బిళ్ళ డాక్టరుకు చూపించమని వాళ్ళకు చెప్పు. ముందు ఆ పని చెయ్యి."

అవతల ఆటో చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

"అమ్మా?"

"బిళ్ళ సామికి ఇచ్చేసినామే," అంది అమ్మ, చిన్నపిల్ల గొంతుతో.

నేను ఏమన్నానో ఇక్కడ రాయను. ల్యాబులో పిల్లలందరూ పరీక్షనాళికలు పట్టుకుని బొమ్మల్లా నిలబడిపోయారు. మందు పేరైనా వాళ్ళకు చెప్పు అంటే, ఆ పేరు నాకు నోరు తిరగదు కదా అని అమ్మ ఏడుపు మొదలుపెట్టింది.

చిత్తూరు బస్సు కదులుతుంటే పరుగెత్తి ఎక్కాను. నిండా కొండ దిగిన గుండ్లు, లడ్డు వాసన. నాయన నంబరుకు కొడుతూనే ఉన్నాను. మోగుతుంది, ఎవరూ ఎత్తరు. నాకు తెలిసిన చదువంతా ఆ పూట నా మీదికే తిరగబడింది. నొప్పి వచ్చినప్పుడు ప్రతి నిమిషం గుండె కండరం కొంచెం కొంచెం చచ్చిపోతూ ఉంటుంది. పాత మందు ఎక్కిస్తే కావలివాళ్ళు లేచి దాన్ని పట్టేస్తారు, గడ్డ అలాగే ఉంటుంది. పైన బీపీ పడిపోతే ఆ గుండె తట్టుకోవాలి. ఏమీ తెలియనివాళ్ళు దేవుడి మీద భారం వేస్తారు. అంతా తెలిసిన నేను ఎవరి మీద వేయాలో తెలియక చంద్రగిరి దాటేదాకా గోళ్ళు కొరుక్కున్నాను.

పక్కన వేలూరు వైపు పెద్దామె ఒకరు, ఆమె తలా నున్నటి గుండే. ఏమైందని అడిగింది. చెప్పాను. ఆమె నిమ్మళంగా, "సామికి ఇచ్చింది సామి పాత్తుకుంటాడు తల్లీ" అంది, చూసుకుంటాడని, సగం తెలుగు, సగం అరవం. "సామికి మైక్రోబయాలజీ వచ్చా?" అని కసురుకున్నాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. లడ్డు విరిచి నా చేతిలో పెట్టింది. ఏడుస్తూనే తిన్నాను. బాగుంది కూడా.

పూతలపట్టు దగ్గరపడుతుండగా ఎవరో ఫోన్ ఎత్తారు. బొంగురు మగ గొంతు.

"ఎవురు?"

"ఆయన కూతుర్ని. ఆయనకు స్ట్రెప్టో..."

"సూది ఏసేసినారు. అయిపాయె. ఊరికే ఫోన్ కొట్టొద్దు, ఈడ నర్సమ్మ అరస్తా ఉండాది."

"ఏ సూది?" అని నేను అరిచేలోపల పెట్టేశాడు. మళ్ళీ కొడితే ఎత్తలేదు. బస్సంతా నా వైపే చూస్తోంది. ఏ సూదో తెలియదు. వేసేశారు. ఇక ఎవరూ వెనక్కి తీయలేరు. కాణిపాకం మలుపు దగ్గర పెద్దామె వినాయకుడికి దణ్ణం పెట్టుకుంటే, కసురుకున్న ఆ నోటితోనే నేనూ పెట్టుకున్నాను.

ఆసుపత్రి పేరు అమ్మ పంపింది. బస్టాండులో దిగి ఆటోలో పోయేసరికి వరండా నిండా మండీయే ఉంది. కాటా మనిషి, టీ ఆమె, మామిడి జీడి మరకల చొక్కాలతో కూలీలు. టీ ఆమె ఫ్లాస్కులోంచి అందరికీ పోస్తోంది. నన్ను చూసి అందరూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. "ఏ సూది? ఏ సూది వేశారు?" అని నేను అరుస్తున్నాను. ఎవరూ వినడం లేదు. చివరికి తలుపు తెరుచుకుని చిన్న వయసు డాక్టరమ్మ బయటికి వచ్చింది. మాట గుంటూరు వైపుది.

"మైక్రోబయాలజీ మేడమ్ మీరేనా? కంగారు పడకండి. మీ నాన్నగారికి స్ట్రెప్టోకైనేజ్ ఇవ్వలేదు. వేరే రకం మందు ఇచ్చాం, ఒక్కసారే ఎక్కించేది. నొప్పి తగ్గింది, ఈసీజీ కూడా బాగా మారింది. సాయంత్రం తిరుపతి పంపిస్తాం, అక్కడ నాళం చూస్తారు."

అక్కడే గోడకు ఆనుకున్నాను.  మీకెలా తెలిసిందని అడిగాను. డాక్టరమ్మ నవ్వింది.

"ఇంతకుముందు గడ్డ కరిగే ఇంజెక్షన్ ఏదైనా చేశారా అని అడిగాను. కాగితాలేవీ లేవన్నారు. అప్పుడొక పెద్దాయన అందరినీ నెట్టుకుని ముందుకొచ్చారు. మందు పేరు అక్షరం పొల్లుపోకుండా చెప్పారు. అర్థమైంది, వేరేది ఇస్తామండీ అన్నాను. అయినా ఆగితేనా? నేను డోసు చూసుకుంటుంటే ఆయన బ్యాక్టీరియా కంచె దగ్గరున్నారు. మందు కలుపుతుంటే కత్తెర దగ్గరికి వచ్చారు. సూది వేస్తుంటే కావలివాడు. బయటికి పంపేస్తే తలుపు సందులోంచి, చీపురు పట్టుకున్నవాళ్ళను మరిచిపోయాను డాక్టరమ్మా అని మళ్ళీ అరిచారు. మా కాలేజీలో కూడా ఇంత బాగా చెప్పలేదండీ."

ఎవరాయన అంటే, వరండా చివర బల్ల వైపు చూపించింది. ఒంటరిగా, చెప్పుల్లేని కాళ్ళతో కూర్చుని ఉన్నాడు ఎదురంగడాయన. మా నాయన కుర్చీలోంచి ఒరిగిపోవడం మొదట చూసింది ఆయనేనట. తన కుప్పకు వేలం పాడుతూ పాట మధ్యలో వదిలేసి దూకాడట. మండీలో పాట మధ్యలో ఆపిన వ్యాపారి గురించి నేను ఎప్పుడూ వినలేదు. నాయన ఫోను ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

పక్కన కూర్చున్నాను. చేతులు పట్టుకున్నాను. "మామా, అంత బాగా నీకెట్ల గుర్తుంది? కత మొదలైతే గోనెలు కప్పమంటావు కదా!"

ఆయన నేల చూస్తూ అన్నాడు. "మనకు కావల్సినోళ్ళ మాట సగం ఇంటాము, సగం ఇడస్తాము తల్లీ. గిట్టనోడి మాట అట్ల కాదు. యాడ తప్పు దొరకతాదా అని కాసుకోని ఇంటాము. ఒక అచ్చరం గూడా పోదు."

నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను. ఒంటి గురించి ఏళ్ళుగా నేను బోర్డు మీద రాస్తున్నది ఆ మాటే. పక్కింట్లో ఉన్నా ఎవరూ పట్టించుకోని వాళ్ళుంటారు. ఒక్కసారి వచ్చి పోయినా పగవాణ్ణి మాత్రం ఒళ్ళు మరిచిపోదు. మా నాయన నరాల్లో ఏళ్ళుగా నిలిచిన జ్ఞాపకం ఎలాంటిదో, మండీలో ఈయన చెవుల్లో నిలిచిందీ అలాంటిదే. ఒకటి ఆయన ప్రాణం తీసి ఉండేది, రెండోది అడ్డుపడింది.

కాసేపటికి లోపలికి రానిచ్చారు. కోపమంతా మూట కట్టుకుని పోయాను, ఇద్దరినీ కలిపి దులపాలని. మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డ అమ్మ నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తలగడ మీద నాయన గుండు, పైన లేతగా మొలకెత్తిన తెల్ల వెంట్రుకలు. నా మూట ఎక్కడో జారిపోయింది. ఆ గుండు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. వెచ్చగా ఉంది. అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు, పిల్లలు పుట్టినప్పుడు కూడా. అప్పుడు నొప్పులతో సగం తెలివి లేదు. ఇప్పుడు పూర్తి తెలివితో ఉన్నాను.

ఎదురంగడాయనను కూడా చెయ్యి పట్టి లోపలికి లాక్కొచ్చాను. నాయనను మాట్లాడించవద్దని నర్సమ్మ గట్టిగా చెప్పి పోయింది. ఆయన స్టూలు మీద కూర్చుని కిటికీ వైపు తిరిగాడు. నాయన పైకప్పు వైపు చూశాడు.

"పాపా, ఆయన్ను అడుగు," అన్నాడు నాయన నీరసంగా. "నన్ను ఎత్తకొచ్చింది ఎవురు?"

"సెప్పు తల్లీ మీ నాయనకు. కాటా మనిషి కాళ్ళు పట్టినాడు, నేను తల పట్టినాను. గుండు గదా, సేతిలో జారిపోతా ఉండె."

నాయన పెదవులు బిగించి నవ్వు ఆపుకున్నాడు. "ఆయన కుప్ప ఏమాయెనో అడుగు."

"పాట ఆగిపోయినాది. రేపు పాడుకుంటానని సెప్పు."

వీళ్ళను చూడు అన్నట్టు అమ్మ నా చెయ్యి గిల్లింది.

"పాపా, నర్సమ్మ ఒక మాట సెప్పినాది. సూది ఏసినాక ఈయన వరండాలో కూలబడి ఏడ్సినాడంట. నిజమేనా అడుగు," అన్నాడు నాయన.

నేను అడగలేదు. చేతికందేంత దూరంలో ఉన్న ఇద్దరికీ మధ్య ఇంకా ఎన్నాళ్ళు తిరగాలి ఈ మాటలు?   ఎదురంగడాయన కిటికీ వైపు నుంచి తల తిప్పి, నేరుగా మా నాయన ముఖంలోకి చూశాడు. 

"నోరు మూసుకోప్పా," అన్నాడు. "నిన్ను మాట్లాడొద్దన్నారు గదా."

నాయన సెలైన్ లేని చేతిని దుప్పటి కిందినుంచి తీసి, ఆయన వైపు చాపాడు.